పోయిన పంటను చూసి రాబోయే పంట వేయండి: పంట మార్పిడికి సమగ్ర మార్గదర్శి

మొదటి ఏడాది పంట విరగకాసింది. రెండో ఏడాదీ పర్లేదు. మూడో ఏడాది ఎరువు ఒక కట్ట ఎక్కువ పడింది, మందు ఒక విడత ఎక్కువ కొట్టాల్సి వచ్చింది, అయినా దిగుబడి మొదటి ఏడాది దాకా రాలేదు. నాలుగో ఏడాది చేలో అక్కడక్కడా గుండ్రంగా మొక్కలు వాడిపోయాయి, ఆ గుండ్రాలు వారం వారం పెద్దవవుతూ వచ్చాయి. అప్పుడు అందరూ అనే మాట ఒకటే: భూమిలో సారం పోయింది. చాలాసార్లు సారం ఎక్కడికీ పోదు. ఆ పంటను తిని బతికే జీవులు నేలలో కాపురం పెట్టేస్తాయి, ఏటా వేళ తప్పకుండా వాటికి వడ్డించేది మనమే.

పంట మార్పిడి అంటే ముందుగా ఆ వడ్డన ఆపడం. ఏడాదికో పంట మార్చండి అనే సలహా ఎవరైనా ఇస్తారు. ఏది మారిస్తే మార్చినట్టు, ఎన్నాళ్ళు ఆగాలి, దేని తర్వాత ఏది వేయాలి అన్న దగ్గరికి వచ్చేసరికి ఆ సలహా ఆగిపోతుంది. టమాటా తీసేసి మిరప వేసినవాళ్ళు పంట మార్చామనే అనుకుంటారు. నేలలోని తెగులుకు ఆ తేడా తెలియదు.

ఒకే పంటను ఏటా వేస్తే ఏమవుతుంది?

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే పొలం ఉంది. జాన్ లాస్, హెన్రీ గిల్బర్ట్ అనే ఇద్దరు 1843లో అక్కడ గోధుమ మీద ప్రయోగం మొదలుపెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఎరువు అన్నదే చూడని చెక్కలో ఏటా గోధుమే వేస్తున్నా హెక్టారుకు సుమారు ఒక టన్ను పండుతూనే ఉంది. ఏకపంట వేస్తే భూమి చచ్చిపోతుందని భయపెట్టేవాళ్ళకు ఇది మింగుడుపడని సంగతి.

అదే పొలంలో ఇంకో సంగతి కూడా తేలింది. 1968లో కొన్ని భాగాల్లో పంట మార్పిడి మొదలుపెట్టారు. వేరే పంటల విరామం తర్వాత వేసిన మొదటి గోధుమ, అంతే ఎరువు వేసి ఏటా గోధుమే పండించిన చెక్కను దాటిపోయింది. ఈ తేడాకు పెద్ద కారణం వేర్లలో దొరికింది. టేక్-ఆల్ అనే శిలీంధ్రం గోధుమ వేర్లను నల్లగా కుళ్ళబెడుతుంది. వరుసగా గోధుమ వేస్తే రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా అది విజృంభిస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఆపకుండా గోధుమే వేస్తూ పోతే ఆ తర్వాత తెగులు తగ్గుముఖం పడుతుంది, ఎందుకంటే దాన్ని అణిచే బ్యాక్టీరియా నేలలో పెరుగుతాయి. అంటే ఏకపంటలో కూడా నేల తనవంతు సర్దుబాటు చేసుకుంటుంది. కాకపోతే ఆ సర్దుబాటు మిమ్మల్ని విరామం తర్వాతి మొదటి పంట దిగుబడి దాకా తీసుకుపోదు.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1876 నుంచి ఉన్న మారో ప్లాట్లలో మొక్కజొన్న మీద ఇలాంటి పోలికే నడుస్తోంది. ఏటా మొక్కజొన్నే వేసిన చెక్కలో సేంద్రియ పదార్థం బాగా పడిపోయింది, పంట మార్చిన చెక్కలు దానికన్నా మెరుగ్గా ఉన్నాయి. సోయా తర్వాత వేసిన మొక్కజొన్న, మొక్కజొన్న తర్వాత వేసిన మొక్కజొన్న కన్నా సాధారణంగా 5 నుంచి 15 శాతం ఎక్కువ ఇస్తుందని అక్కడి రైతులకు బాగా తెలుసు.

వరి సంగతి వేరు. నీళ్ళు నిలిచిన మడిలో గాలి ఆడదు కాబట్టి మెట్ట నేలలో చెలరేగే శిలీంధ్రాలు, నులిపురుగులు చాలావరకు అణిగి ఉంటాయి. నీటిలో ఉండే నీలి ఆకుపచ్చ నాచు కొంత నత్రజనిని పట్టి ఇస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో 1960ల నుంచి వరి మీద వరి వేస్తూ చేస్తున్న ప్రయోగంలో పంట ఇంకా పండుతూనే ఉంది. కాబట్టి వరి రైతుకూ కూరగాయల రైతుకూ ఒకే పాఠం చెప్పడం తప్పు. వరి మడిలో మార్పిడికి అసలు కారణాలు కలుపు, నీటి ఖర్చు, దమ్ము చేసి చేసి కింద ఏర్పడిన గట్టిపొర. ఏటా వరే వేస్తే ఊద, ఎర్రవరి లాంటివి పెరిగిపోతాయి, అవి వరి వేషంలోనే ఉంటాయి కాబట్టి ఏరడం కష్టం. ఒక్క సీజన్ పెసరో మినుమో వేస్తే అవి ఎదురుగా కనిపిస్తాయి.

ఏకపంట వేసేవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కాదు. ఒకే పంటకు ఒకే రకం యంత్రం చాలు, ఒకే కొనుగోలుదారు, చేతికి అలవాటైన పని, ఎప్పుడు ఏం చేయాలో నోటికి వచ్చి ఉంటుంది. కొత్త పంట మొదటి ఏడాది తప్పులు చేయిస్తుంది. ఆ ఖర్చును కూడా లెక్కలో వేసుకునే మార్పిడికి దిగాలి.

మొదటి మెట్టు: పటం గీసి, మూడేళ్ళు వెనక్కి వెళ్ళండి

పుస్తకంలో ఒక పేజీ తీసుకుని పొలాన్ని చెక్కలుగా గీయండి. గట్లు, నీళ్ళు వచ్చే వైపు, పోయే వైపు, పల్లం, చెట్ల నీడ అన్నీ గుర్తించండి. ఒక్కో చెక్కలో గత మూడేళ్ళు ఏ సీజన్‌లో ఏం వేశారో, ఏ తెగులు వచ్చిందో, ఏ కలుపు మందు కొట్టారో రాయండి. కలుపు మందు పేరు దేనికని వదిలేయొద్దు, అది తర్వాత పనికొస్తుంది.

జ్ఞాపకం మీద ఆధారపడితే కుదరదు. పైచెక్కలో మిరప వేసింది నిరుడా మొన్నటేడా అని ఇంట్లో నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. పాత రసీదులు, ఫోన్‌లో ఉన్న ఫోటోల తేదీలు చూస్తే సగం చరిత్ర బయటపడుతుంది.

నీళ్ళ దారికి బాణం గుర్తు తప్పనిసరిగా వేయండి. తెగులున్న చెక్క నీరు కింద చెక్కలోకి పారుతుంటే మీరెంత చక్కగా పంటలు మార్చినా తెగులు నీటితోపాటు దిగుతుంది.

రెండో మెట్టు: పంటలను పేరుతో కాదు, కుటుంబంతో లెక్కపెట్టండి

మార్పిడిలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకే కుటుంబం పంటలకు శత్రువులు చాలావరకు ఒకటే. మీ జాబితాను ఇలా విడగొట్టుకోండి:

- గడ్డి జాతి: వరి, గోధుమ, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, చెరకు
- పప్పు జాతి: కంది, పెసర, మినుము, శనగ, అలసంద, ఉలవ, వేరుశనగ, సోయా, చిక్కుడు, బఠాణీ, పచ్చిరొట్టకు వేసే జనుము, జీలుగ, పిల్లిపెసర
- వంగ జాతి: టమాటా, మిరప, వంకాయ, బంగాళదుంప, పొగాకు
- పత్తి జాతి: పత్తి, బెండ, గోంగూర
- గుమ్మడి జాతి: దోస, సొర, బీర, కాకర, పుచ్చ, గుమ్మడి
- ఆవ జాతి: క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు
- ఉల్లి జాతి: ఉల్లి, వెల్లుల్లి
- పొద్దుతిరుగుడు జాతి: పొద్దుతిరుగుడు, కుసుమ, బంతి
- తోటకూర జాతి: తోటకూర, పాలకూర, బీట్‌రూట్

నువ్వులు, ఆముదం, అల్లం పసుపుల జంట వేటి కుటుంబం వాటిదే. పత్తి తీసి బెండ వేయడం, బంగాళదుంప తీసి వంగ వేయడం మార్పిడి కిందికి రావు. వేరుశనగ నూనెగింజ కదా, పప్పు పంట తర్వాత వేసుకోవచ్చు అనుకునేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. వంటింట్లో అది నూనెగింజే, నేలలో మాత్రం పప్పు జాతి.

కుటుంబం మార్చినా వదలని శత్రువులు కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. టమాటా, వంగల్లో మొక్క పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడిపోయే బ్యాక్టీరియా ఎండు తెగులు అల్లానికీ అరటికీ కూడా వస్తుంది. మొదలు కుళ్ళు కలిగించే స్క్లెరోషియం శిలీంధ్రం వేరుశనగ నుంచి కూరగాయల దాకా వందల మొక్కల మీద బతుకుతుంది. వేరుముడి నులిపురుగులు బెండ, టమాటా, దోస అన్నింటినీ ఇష్టపడతాయి.

మూడో మెట్టు: పంట తీసేముందు వేర్లు తవ్వి చూడండి

పటం, కుటుంబం రెండూ కాగితం మీది పనులు. ఇది పారతో చేసే పని, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది.

పూత దశలో ఉన్న పప్పు పంట మొక్కను పీకొద్దు, పారతో మట్టితో సహా లేపండి. బకెట్ నీళ్ళలో ముంచి మట్టి మెల్లగా వదలనివ్వండి. వేర్ల మీద ఆవగింజ నుంచి జొన్నగింజ దాకా బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందని అర్థం. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థం వల్ల ఆ రంగు వస్తుంది. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో బూడిద రంగులోనో ఉంటే అది పని చేయడం లేదు. అలాంటి చోట వచ్చేసారి విత్తనానికి రైజోబియం (బుడిపెల్లో ఉండి నత్రజనిని పట్టే బ్యాక్టీరియా) కల్చర్ పట్టించాలి. ఎరువుగా వేసిన నత్రజని ఎక్కువైనా బుడిపెలు సోమరులవుతాయి.

ఇదే వేరు మీద ఇంకో పరీక్ష. బుడిపెను వేలితో పక్కకి నెట్టండి. ఊడి వస్తే రైజోబియం బుడిపె, అది వేరుకు పక్కన అంటుకుని ఉంటుంది. ఊడకుండా వేరే లావెక్కి ముడులు ముడులుగా ఉంటే అది వేరుముడి నులిపురుగు. రెండింటినీ ఒకటే అనుకుని, వేరంతా బుడిపెలే, భూమికి బలం వచ్చింది అని సంబరపడితే తర్వాత వేసే టమాటా ఆ ఖరీదు చెల్లిస్తుంది.

మిగతా పంటల్లో కూడా ఇదే వేళ చూడాలి. వాడిన మొక్క కాండాన్ని మొదట్లో అడ్డంగా కోసి శుభ్రమైన నీళ్ళున్న గాజు గ్లాసులో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాల చారలా తెల్లటి ద్రవం దిగితే బ్యాక్టీరియా ఎండు తెగులు. కాండాన్ని నిలువుగా చీల్చినప్పుడు లోపల గోధుమ రంగు గీతలు ఉండి నీళ్ళలోకి ఏమీ దిగకపోతే ఫ్యుసేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు అయ్యే అవకాశం ఎక్కువ. ఏ శత్రువో తెలిస్తేనే ఎన్నేళ్ళు ఆగాలో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: విరామం ఎన్నేళ్ళో శత్రువే చెబుతుంది

మూడేళ్ళ మార్పిడి, నాలుగేళ్ళ మార్పిడి అని ఎవరో పెట్టిన అంకెను పట్టుకోవద్దు.

గోధుమ టేక్-ఆల్‌కు సాధారణంగా ఒక్క ఏడాది విరామం చాలు, కాకపోతే ఆ ఏడాది చేలో గడ్డి జాతి కలుపు, తనంతట తాను మొలిచిన గోధుమ ఉండకూడదు. తెల్ల బూజుతో కాండం కుళ్ళబెట్టే స్క్లెరోటీనియా నల్లటి గింజల్లాంటి ముద్దలుగా నేలలో మిగులుతుంది, దానికి కనీసం మూడు నాలుగేళ్ళు కావాలి. శనగ ఎండు తెగులు శిలీంధ్రం శనగ లేకుండానే ఆరేళ్ళకు పైగా నేలలో బతుకుతుంది, కాబట్టి అక్కడ మార్పిడి ఒక్కటే సరిపోదు, తట్టుకునే రకం కూడా ఉండాలి. ఇందులో ఒక ఊరట ఉంది: శనగ మీది ఫ్యుసేరియం శనగనే పట్టుకుంటుంది, టమాటా జోలికి పోదు. క్యాబేజీ జాతి వేర్లను గదల్లా ఉబ్బించే క్లబ్‌రూట్ బీజాలు పదేళ్ళు దాటినా మిగులుతాయి. బంగాళదుంప తిత్తి నులిపురుగు గుడ్లు 20 ఏళ్ళ దాకా కూడా ఉండగలవు.

అరటి చరిత్ర ఇంకా ఘోరం. గ్రో మిషెల్ అనే ఒకే రకాన్ని దేశాలకు దేశాలు వేసి, పనామా తెగులు నేలకు పట్టాక ఎన్నేళ్ళు ఆగినా అక్కడ ఆ రకం నిలవక, 20వ శతాబ్దం మధ్యకల్లా ఎగుమతి తోటలన్నీ కావెండిష్ రకానికి మారాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ తెగులులోనే ఇంకో తెగ కావెండిష్‌నూ పట్టింది.

మార్పిడి వల్ల ఆగనివి కూడా తెలుసుకోవాలి. ఐర్లండ్‌లో 1845లో మొదలైన బంగాళదుంప కరువును ఏకపంట దుష్ఫలితానికి ఉదాహరణగా చెప్తుంటారు. సుమారు పది లక్షలమంది చనిపోయారు. కానీ ఆ మాడు తెగులు గాలిలో వస్తుంది, పక్క చెక్కలో వేరే పంట ఉన్నంత మాత్రాన ఆగేది కాదు. అక్కడి అసలు లోపం దేశమంతా దాదాపు ఒకే రకం దుంప మీద ఆధారపడటం. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు లాంటివీ అంతే. రెక్కలున్న శత్రువు గట్టు దాటి వస్తుంది. నేలలో ఉండిపోయే శత్రువు, గుడ్లు అక్కడే పెట్టే పురుగు, పంట చెత్తలో దాక్కునే తెగులు: మార్పిడి బలం వీటి మీదే.

శత్రువులు కూడా నేర్చుకుంటాయని మరిచిపోవద్దు. అమెరికాలో మొక్కజొన్న వేరుపురుగు మొక్కజొన్న చేలోనే గుడ్లు పెట్టేది, పిల్లలు మొక్కజొన్న వేరు తప్ప తినలేవు. ఏడాది మొక్కజొన్న, ఏడాది సోయా వేస్తే గుడ్లు పొదిగినా పిల్లలకు తిండి దొరకదు. ఈ ఉపాయం దశాబ్దాలు నడిచింది. 1990లకల్లా ఇల్లినాయ్ ప్రాంతంలో కొన్ని పురుగులు సోయా చేలోనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి, వచ్చే ఏడు అక్కడ మొక్కజొన్న వస్తుందని ఎవరో చెప్పినట్టు. దాని దగ్గరి చుట్టం ఇంకోటి గుడ్డులోనే రెండు శీతాకాలాలు నిద్రపోవడం మరిగింది. రెండే పంటల మార్పిడి చాలా కాలం నడిస్తే అది కూడా ఒక రకం ఏకపంటే అవుతుంది.

ఐదో మెట్టు: వరస ఎలా కూర్చాలి?

18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పేరుకొచ్చిన నార్ఫోక్ పద్ధతి గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ (పప్పు జాతి పశుగ్రాసం) అనే నాలుగు పంటల వరస. క్లోవర్ తర్వాత గోధుమ ఎందుకు బాగుంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలి నత్రజనిని పడతాయని జర్మన్ శాస్త్రవేత్త హెల్‌రీగెల్ 1886లో చూపించాడు, డచ్ శాస్త్రవేత్త బైయరింక్ 1888లో ఆ బ్యాక్టీరియాను విడదీశాడు. రైతులు కారణం తెలియకుండానే చాలా తరాల ముందే ఫలితం అనుభవించారు.

వరస కూర్చేటప్పుడు నేను చూసే విషయాలు నాలుగు.

నత్రజని: పప్పు పంట తర్వాత ఆకలి ఎక్కువున్న పంట, అంటే మొక్కజొన్న, పత్తి, మిరప, క్యాబేజీ లాంటివి. ఇక్కడ ఒక భ్రమ వదిలించుకోవాలి. పప్పు పంట పట్టిన నత్రజనిలో పెద్ద వాటా గింజల్లోకి పోతుంది, గింజలు మనం పట్టుకుపోతాం. సోయాలో దిగుబడి బాగా వస్తే నేలకు మిగిలేది పెద్దగా ఉండదు, ఒక్కోసారి నేలే అప్పు పడుతుంది. వేరుశనగను వేర్లతో పీకి, కట్టెను పశువులకు వేసేస్తే నేలకు మిగిలింది రాలిన ఆకు మాత్రమే. పప్పు పంట వేశాను కదా అని యూరియా సగం తగ్గించేముందు ఆ మొక్క ఎటు పోయిందో అడగండి. పూత దశలో కలియదున్నిన జనుము, జీలుగ అయితే పట్టిందంతా నేలకే ఇస్తాయి.

వేరు లోతు: ఉల్లి వేరు పైపైనే ఉంటుంది, కంది తల్లివేరు లోతుకు దిగుతుంది. పైవేరు పంటల కింద జారిపోయిన పోషకాలను లోతువేరు పంట లాక్కుని ఆకులుగా పైకి తెచ్చి రాలుస్తుంది. గట్టిపొర ఉన్న నేలలో కంది, ఆముదం లాంటివి చేసే దారుల్లోంచి తర్వాతి పంట వేర్లు దిగుతాయి.

మిగిలే చెత్త: పప్పు జాతి ఆకు తొందరగా కుళ్ళి నత్రజని వదులుతుంది. మొక్కజొన్న, వరి కొయ్యకాళ్ళలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ. అవి కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాక్కుంటాయి. దున్నిన పది రోజులకే విత్తితే మొలకలు పసుపుపచ్చగా మారడం చూస్తారు. తడి తగిలేలా కలియదున్ని, కొన్ని వారాలు ఆగండి. ఆగలేకపోతే మొదటి విడత నత్రజని కాస్త పెంచండి.

వేరు శిలీంధ్రాల సాయం: దీన్ని చాలామంది పట్టించుకోరు. మైకోరైజా అనే మంచి శిలీంధ్రం వేర్లతో జతకట్టి భాస్వరం అందిస్తుంది. ఆవ జాతి, తోటకూర జాతి పంటలు దానికి చోటివ్వవు. క్యాబేజీ తీసిన చెక్కలో, లేదా చాలాకాలం బీడు పెట్టిన చెక్కలో ఆ శిలీంధ్రం బలహీనపడి ఉంటుంది. ఉల్లి, మొక్కజొన్న లాంటివి అక్కడ మొదట్లో భాస్వరం అందక కుంగుతాయి. క్యాబేజీ తర్వాత వెంటనే ఉల్లి వేయకపోవడం మేలు.

కలుపు గురించి ఒక్క మాట. వానాకాలం పంటల్లోనే తిరుగుతుంటే వానాకాలం కలుపే గెలుస్తుంది. వరసలో కనీసం ఒకటి వేరే సీజన్‌లో విత్తేది, ఒకటి దగ్గర వరసల్లో నేలను కప్పేసేది ఉండాలి. జొన్న వేర్ల మీద బతికే జొన్నమల్లె ఉన్న చేలో పత్తి, అలసంద లాంటివి వేస్తే దాని విత్తులు మొలిచి, పట్టుకోవడానికి జొన్న వేరు దొరక్క చచ్చిపోతాయి.

ఆరో మెట్టు: నాలుగు చెక్కల పట్టిక

నీటి వసతి ఉన్న, కూరగాయలు కూడా పండించే భూమికి ఒక నమూనా ఇస్తున్నాను. అలాగే దించుకోవడానికి కాదు, తర్కం చూడటానికి. వరస: పప్పు జాతి, మిరప, మొక్కజొన్న, ఉల్లి.

మొదటి ఏడు: అ చెక్కలో పప్పు, ఆ చెక్కలో మిరప, ఇ చెక్కలో మొక్కజొన్న, ఈ చెక్కలో ఉల్లి.
రెండో ఏడు: అ మిరప, ఆ మొక్కజొన్న, ఇ ఉల్లి, ఈ పప్పు.
మూడో ఏడు: అ మొక్కజొన్న, ఆ ఉల్లి, ఇ పప్పు, ఈ మిరప.
నాలుగో ఏడు: అ ఉల్లి, ఆ పప్పు, ఇ మిరప, ఈ మొక్కజొన్న.

పప్పు వదిలిన నత్రజనిని మిరప వాడుకుంటుంది. మిరపలో మిగిలిన బ్యాక్టీరియా ఎండు తెగులుకు మొక్కజొన్న తిండి కాదు. మొక్కజొన్న మైకోరైజాను బాగా పెంచుతుంది, ఉల్లికి అదే కావాలి. ఉల్లి తక్కువ చెత్త మిగిలిస్తుంది కాబట్టి పప్పు విత్తడానికి చెక్క త్వరగా సిద్ధమవుతుంది. మొక్కజొన్నకూ ఉల్లికీ మధ్య కొయ్యకాళ్ళు కుళ్ళడానికి సమయం ఇవ్వాలి, ఈ వరసలో బలహీనమైన లంకె అదే.

ఏటా నాలుగు పంటలూ ఏదో ఒక చెక్కలో ఉంటాయి కాబట్టి ఆదాయం ఒక్క పంట ధర మీద వేలాడదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల రైతులు ఇది కష్టపడి నేర్చుకున్నారు. పత్తి మీద పత్తి వేసి అరిగిన నేలల్లో వేరుశనగ, అలసంద వేయమని వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థలో 1896 నుంచి చెబుతూ వచ్చాడు. కాయతొలిచే ముక్కుపురుగు వచ్చి పత్తిని ఊడ్చేశాక అలబామాలో ఎంటర్‌ప్రైజ్ అనే ఊరి చుట్టుపక్కల రైతులు వేరుశనగకు మళ్ళి బాగుపడ్డారు. 1919లో ఆ ఊరివాళ్ళు ఆ పురుగుకే స్మారకం కట్టారు!

ఏడో మెట్టు: విత్తేముందు కుండీ పరీక్ష

ముందు పంటకు కొట్టిన కలుపు మందు నేలలో మిగిలి ఉంటే కొత్త పంట మొలకలోనే పోతుంది. మొక్కజొన్నలో వాడే అట్రాజిన్ తర్వాతి పప్పు పంటలకు, కూరగాయలకు దెబ్బ. సోయాలో వాడే ఇమాజెథాపిర్ ఆవ జాతికి, బీట్‌రూట్‌కు ప్రమాదం. మొదటి మెట్టులో మందు పేరు రాయమన్నది ఇందుకే. డబ్బా మీద తర్వాతి పంటకు ఎన్నాళ్ళు ఆగాలో రాసి ఉంటుంది, అది చదవండి. వాన తక్కువైన ఏడాది మందు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది.

అనుమానం తీరకపోతే కుండీలు పెట్టండి. మందు కొట్టిన చెక్కలో నాలుగైదు చోట్ల పైమట్టి తీసి కలిపి రెండు కుండీలు నింపండి. మందు పడని గట్టు మట్టితో ఇంకో రెండు. అన్నింట్లో మీరు వేయబోయే విత్తనమే వేసి, ఒకేలా నీళ్ళు పోసి, మూడు వారాలు చూడండి. గట్టు మట్టి మొక్కలు పచ్చగా ఉండి చేను మట్టి మొక్కలు అంచులు పాలిపోయో గిడసబారో ఉంటే ఆ చెక్కలో ఆ పంట ఈసారి వద్దు.

ట్రాక్టర్ చక్రాల మట్టి, నారుకు అంటిన మట్టి కూడా తెగులు మోస్తాయి. రోజూ పని శుభ్రమైన చెక్కలో మొదలుపెట్టి తెగులున్న చెక్కలో ముగించండి.

అసలు పంటను వదలలేనివాళ్ళకు

భూమి తక్కువ, కొనేవాడు ఒకే పంట కొంటాడు, ఇంకేం వేయాలి అనేవాళ్ళు ఎక్కువమందే ఉంటారు. వాళ్ళను నాలుగేళ్ళ పట్టికతో విసిగించడం అన్యాయం. మొత్తం మార్చలేకపోతే ఏటా నాలుగో వంతు మార్చండి, నాలుగేళ్ళకు ప్రతి చెక్కకూ ఒక విరామం దక్కుతుంది. అదీ కుదరకపోతే రెండు పంటల మధ్య దొరికే 45, 50 రోజుల్లో జనుమో జీలుగో వేసి పూతకు రాగానే కలియదున్నండి. నులిపురుగు ఉన్న చెక్కలో బంతిని సీజన్ అంతా దట్టంగా వేయండి, గట్టు మీద నాలుగు మొక్కలు పెడితే వేరు నుంచి వచ్చే పదార్థం చేను మధ్యకు చేరదు. ఎండలు మండే రోజుల్లో నేలను తడిపి, పలచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు కప్పితే పైపొరలోని తెగుళ్ళు చాలావరకు చస్తాయి. ఇవేవీ మార్పిడికి సాటిరావు, మూడు నాలుగేళ్ళు గడువు కొనిపెడతాయి.

అంతరపంట మంచిదే. కానీ పత్తి కంది సాళ్ళను ఏటా అదే చేలో వేస్తే నేలలోని తెగుళ్ళ దృష్టిలో పత్తీ ఆగలేదు, కందీ ఆగలేదు.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి ఏడాది చూసి తేల్చొద్దు. ఏదో ఒక చెక్కలో పది సాళ్ళు పాత పంటే వేస్తూ గుర్తుకు పుల్లలు పాతండి. అసలు పంట ఆ చెక్కకు తిరిగి వచ్చిన ఏడాది ఆ పది సాళ్ళను, పక్క పది సాళ్ళను విడిగా కోసి విడిగా తూచండి. వాన బాగుంది కాబట్టి పండిందా, మార్పిడి వల్ల పండిందా అన్న వాదన అక్కడితో తీరుతుంది. లెక్క కూడా ఒక్కో పంటకు విడిగా కాకుండా, ఒక్కో చెక్కకు నాలుగేళ్ళ ఖర్చు, నాలుగేళ్ళ రాబడి వేయండి. పప్పు వేసిన ఏడాది తక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది, దాని వల్ల తగ్గిన ఎరువు, మందుల ఖర్చు తర్వాతి ఏడాది ఖాతాలో కూర్చుంటుంది.

ప్రణాళిక తప్పే రోజు వస్తుంది. వాన ఆలస్యమవుతుంది, విత్తనం దొరకదు, మిరపకు ధర చూసి మనసు ఆగదు. తప్పితే తప్పారు, ఆ చెక్క బొమ్మలోనే ఎర్ర పెన్నుతో రాయండి. మిగతా మూడు చెక్కల వరస కదపొద్దు. ఆ ఒక్క చెక్కకు మాత్రం లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి.